మూడున్నర చుట్లు

కాశీనగర్‌లో వాన
వంశధార దాటొచ్చి, ఎవర్నీ అడక్కుండా
మా కారు ఎడమ సీట్లో కూర్చుంటుంది.
రథయాత్ర రోజున దిగిన అద్దం
మళ్ళీ ఎక్కలేదు.

స్విచ్ నొక్కితే తలుపు లోపల మోటారు
ముల్లు గుచ్చుకున్న గొంతులా గర్రుమంటుంది.
అంతే. అద్దం మాత్రం కదలదు.

పాలిథిన్ కవరు అతికించి నెల తిరిగాం.
పర్లాకిమిడి దారి పొడుగునా అది డప్పు వాయించేది.
హైమావతి ఒక చెవి మూసుకుని
రెండో చెవిలో నన్ను అరవమనేది.

మెకానిక్ తలుపు మీద రెండుసార్లు తట్టాడు,
విప్పనైనా విప్పలేదు.
"మొత్తం సెట్టు మార్చీయాల. మూడు వేల ఎనిమిది వందలు."
హైమావతి లెక్కలో అది
ముప్పై ఎనిమిది జాకెట్లు,
లైనింగు లేకుండా.
తిరుగుదారిలో ఆమె ఏమీ అనలేదు.
అన్నా నాకు వినపడేది కాదు.

ఆదివారం పొద్దున్నే బ్యాటరీ వైరు ఊడదీసి
తలుపు అట్ట విప్పాను.
క్లిప్పులు తొమ్మిది. విరిచినవి రెండు.
అట్ట వెనక, నల్లటి జిగురుతో
ఒక పాలిథిన్ కాగితం.
కంపెనీ వాళ్ళూ మాలాగే
కవరు అతికించుకుని తిరిగేవాళ్ళేనన్నమాట!

పక్కింటి కైబల్య
అద్దాన్ని రెండు అరచేతుల మధ్య పైకెత్తి పట్టుకుని
చేతులు లాగుతున్నాయని ఒడియాలో ఒకసారి,
నాకు అర్థం కాలేదేమోనని తెలుగులో ఇంకోసారి చెప్పాడు.
అద్దానికి టేపు వేసి వాణ్ణి వదిలాను.

చెయ్యి దూర్చి, తడిమి, మోచేయి గీరుకుని
బయటికి లాగితే వచ్చింది:
మూరెడు ఇనప పట్టా,
అరిసెంత డ్రమ్ము,
దాని మీంచి జారి పిచ్చిక గూడైన ఉక్కు తీగె.
అద్దాన్ని మోసే ప్లాస్టిక్ ముక్క
బొటనవేలంత లేదు, నడిమికి చీలిపోయింది.

కూరలు తరిగే పాత నైలాన్ పలక
ఒక మూల కోశాను.
ఆకురాయితో అరగదీశాను.
మేకు ఎర్రగా కాల్చి బెజ్జం పెట్టాను.
వంటింట్లోంచి, "ఏటా కంపు?"
పలక సంగతి నేను చెప్పలేదు.

ముక్క సరిపోయింది.
తీగె మాత్రం నా మాట వినలేదు.
డ్రమ్ముకి చుడతాను, స్ప్రింగు తంతుంది.
చుడతాను, తంతుంది.
మూడుసార్లు జారి, నాలుగోసారి వేలు కోసింది.

లోపల కుట్టుమిషను ఆగింది.
మెడలో టేపుతోనే వచ్చి
కాసేపు నిలబడి చూసింది.
"మిషన్లో దారం ఎక్కించినోళ్ళని పిలవాల గాని
తాడు పేనినట్టు ఏటి నువ్వు? ఇలాగియ్యి."

తీగె కొస పంట పట్టి
డ్రమ్ము మోకాళ్ళ మధ్య ఇరికించి
చూపుడు వేలితో గాడిని వెతుక్కుంటూ చుట్టింది.
తిట్టడం తెలుగులో.
లెక్క మాత్రం చిన్నప్పటి బడి ఒడియాలో:
ఎక...
దుఇ...
తిని...
అక్కడ ఊపిరి బిగబట్టింది.
అధా.
టక్కుమని కూర్చుంది తీగె.
ఆమె లేచి చీరకి చేతులు తుడుచుకుంది,
గ్రీజు మరక చూసుకుని మళ్ళీ తిట్టింది.

అన్నీ బిగించేసరికి మబ్బేసింది.
బ్యాటరీ వైరు కలిపి
స్విచ్ ఆమెనే నొక్కమన్నాను.
అద్దం
ముసలి ఎద్దులా ఒకసారి ఆగి, ఆలోచించి,
పైకి నడిచింది.
కైబల్య చెంబెడు నీళ్ళు విసిరాడు.
ఒక్క చుక్క, పై మూలనుంచి.
ఒక్క చుక్కేగా.

ఆమె దించింది. ఎక్కించింది. దించింది.
బ్యాటరీ అయిపోతుందన్నాను.
వినపడనట్టు ఇంకోసారి ఎక్కించింది.

వీధి ఆగిపోయింది.
లోపల మేమిద్దరం, తడి సీటు వాసన.
"టీ తాగుదామా?" అన్నాను.
ఆమె ఉలిక్కిపడింది.
"పక్కనే ఉన్నాను కదా,
ఎందుకలా అరుస్తావు?"

సాయంత్రం చీపురుకి
ఒక స్క్రూ తగిలింది.
ఎక్కడిదో నాకు తెలీదు.
ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
బొత్తాల డబ్బాలో వేసింది.